అమ్ముడుపోని మందు: క్యాంప్ మిండెన్ కేసు

2012 అక్టోబరు 15 రాత్రి పదకొండు దాటాక, అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో క్యాంప్ మిండెన్ అనే సైనిక స్థలంలో ఒక మందుగుండు గోదాము పేలిపోయింది. లోపల 56 టన్నుల పైచిలుకు స్మోక్‌లెస్ పౌడర్ ఉంది. పక్కన నిలిపిన ట్రైలర్‌లో ఇంకో 19 టన్నుల ఎం6 ప్రొపెల్లెంట్, అంటే ఫిరంగి గుండును ముందుకు నెట్టే మందు, ఉంది. పొగ గొడుగులా విచ్చుకుని 7,000 అడుగుల ఎత్తుకు లేచింది. నాలుగు మైళ్ల దూరంలోని ఇళ్లలో కూడా కిటికీ అద్దాలు పగిలాయి. దగ్గర్లో ఉన్న రైలు వ్యాగన్లు పట్టాలు తప్పాయి.

ఒక్క ప్రాణం కూడా పోలేదు. బహుశా అందుకే మా రంగంలోనూ ఈ కేసు గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఆర్మీ ఆర్డ్‌నెన్స్‌లో అమ్యునిషన్ పని చేసి రిటైరయ్యాక నేను పేలుడు పదార్థాల నిల్వలకు సేఫ్టీ ఆడిట్లు చేస్తున్నాను, కొత్తవాళ్లకు క్లాసులు చెబుతున్నాను. పాత మందుగుండు విప్పే పని గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మిండెన్‌తోనే మొదలుపెడతాను. పెద్ద పెద్ద ప్రమాదాల కేసుల్లో చావుల లెక్క చూసి క్లాసంతా మౌనమైపోతుంది, ఇక ఎవరి బుర్రా కదలదు. మిండెన్‌లో అలా కాదు. కాగితాలు, కాంట్రాక్టు, గోదాము అన్నీ తీరిగ్గా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ముందు అక్కడ జరుగుతున్న పనేమిటో చూద్దాం.

పెద్ద ఫిరంగిలో గుండు వేరు, దాన్ని ముందుకు నెట్టే మందు వేరు. గుండు పెట్టి, దాని వెనకాల మందు సంచి పెట్టి, తలుపు మూసి కాలుస్తారు. బోఫోర్స్ వల్ల 155 ఎంఎం అనే మాట మన ఇళ్లలో కూడా తెలుసు కదా, ఇదీ ఆ సైజు ఫిరంగి మందే. అమెరికా ఆర్మీ దీన్ని ఎం119ఏ2 ప్రొపెల్లింగ్ ఛార్జ్ అంటుంది. లోపల గుళికల్లా ఉండేది ఎం6 ప్రొపెల్లెంట్. అందులో ప్రధానంగా నైట్రోసెల్యులోజ్, పదో వంతు దాకా డైనైట్రోటోలిన్, కొంచెం డైబ్యూటైల్ థాలేట్, స్టెబిలైజర్‌గా డైఫినైలమైన్ ఉంటాయి. ఈ నాలుగో పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇలాంటి ఛార్జీలు కాలం చెల్లితే ఏం చేయాలి? ఆరుబయట కాల్చేయవచ్చు. చౌక, కానీ పొగ ఊళ్ల మీదికి పోతుంది. మూసి ఉన్న కొలిమిలో కాల్చి, పొగను శుభ్రం చేసి వదలవచ్చు. ఖర్చు ఎక్కువ. మూడోది, విప్పి పనికొచ్చేది పనికొచ్చే చోటికి పంపడం. ఇత్తడి, ఉక్కు స్క్రాప్‌కి పోతాయి, పేలుడు పదార్థం గనులకో క్వారీలకో పోతుంది. ఈ మూడో దారి ఊహ కాదు, చేసి చూపించినవాళ్లున్నారు. ఉక్రెయిన్‌లోని పావ్లోహ్రాద్ కెమికల్ ప్లాంటు సోవియట్ కాలపు ఎస్ఎస్-24 క్షిపణుల ఘన ఇంధనాన్ని తీసి గనుల్లో వాడే పేలుడు పదార్థాల తయారీకి మళ్లించింది.

మిండెన్‌లో ఎక్స్‌ప్లో సిస్టమ్స్ అనే కంపెనీ ఎంచుకున్నదీ ఈ మూడో దారే. క్యాంప్ మిండెన్ ఒకప్పుడు లూసియానా ఆర్మీ అమ్యునిషన్ ప్లాంటు. తర్వాత రాష్ట్రం చేతికి వచ్చింది, నేషనల్ గార్డ్ వాడుకుంటూ కొంత భాగాన్ని కంపెనీలకు అద్దెకిచ్చింది. 2010 మార్చిలో ఆర్మీ ఎక్స్‌ప్లోకి కాంట్రాక్టు ఇచ్చింది: 13 లక్షల 50 వేల ఛార్జీలు విప్పాలి, మొత్తం 86 లక్షల 17 వేల 500 డాలర్లు. క్లాసులో ఇక్కడ ఆగి భాగహారం చేయమంటాను. ఒక్కో ఛార్జీకి 6 డాలర్ల 40 సెంట్లు కూడా రాదు. ఆ డబ్బుతోనే ఛార్జీని దించుకుని, డబ్బా తెరిచి, మందు తీసి, పెట్టెల్లో వేసి, గోదాములో భద్రంగా ఉంచి, చివరికి ఎక్కడికో ఒక చోటికి చేర్చాలి.

అంత తక్కువకు ఎలా ఒప్పుకున్నారంటే, విప్పిన ఎం6 కంపెనీ సొంతం. గనులకు అమ్ముకోవచ్చు. అంటే కాంట్రాక్టు గిట్టుబాటు కావాలంటే ఆ మందు అమ్ముడుపోవాలి. టెండరులో ఎక్కడా కనిపించని ఒక కొనుగోలుదారు మీద లెక్కంతా నిలబడి ఉంది. నా దృష్టిలో ఈ ప్రమాదానికి తొలి కారణం ఇదే. అక్టోబరు రాత్రి నిప్పు ఎక్కడ రాజుకుందన్నది దీని తర్వాతి ప్రశ్న.

ఎం6 ఏమైనా అమ్మకానికి కష్టమైన సరుకా? గనుల్లో వాడే వాటర్ జెల్, ఎమల్షన్ రకం పేలుడు పదార్థాల్లో కలుపుతారు, పనికొస్తుంది. కానీ గనివాళ్లకు అమ్మోనియం నైట్రేట్ చౌకగా, ఎంత కావాలంటే అంత, ఒకే నాణ్యతతో దొరుకుతుంది. పాత ఫిరంగి మందు లాటు లాటుకీ (ఒక విడతలో తయారైన సరుకును లాటు అంటాం) మారుతుంది, రవాణాకి ఎక్కువ జాగ్రత్త కావాలి, పైగా దాని వయసు గురించి ప్రశ్నలొస్తాయి. ధర బాగా తగ్గిస్తే తీసుకుంటారు, అదీ వాళ్లకు కావలసినప్పుడు, కావలసినంతే. విప్పే లైను మాత్రం రోజూ నడుస్తుంది, ఎందుకంటే విప్పిన ఛార్జీల లెక్క మీదే బిల్లు వస్తుంది.

నీళ్ల ట్యాంకు ఎలా పొంగుతుందో అందరికీ తెలుసు. లోపలికి వచ్చే పైపు లావు, బయటికి పోయే పైపు సన్నం.

ఆర్మీకి ఈ సంగతి తెలియకుండా ఉండాల్సింది కాదు. ఇలాంటి సరుకు అమ్మేటప్పుడు కొనేవాడి దగ్గర నుంచి ఎండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎవరు కొన్నారు, దేనికి వాడతారు అని సంతకంతో రాసిచ్చే కాగితం అది. సరుకు బయటికి పోతోందనడానికి ఆర్మీ దగ్గరుండే సాక్ష్యం ఈ కాగితమే. ఎక్స్‌ప్లో వాళ్లు తప్పుడు సర్టిఫికెట్లు సృష్టించి ఇచ్చారని తర్వాత ఫెడరల్ కేసులో తేలింది, కంపెనీ బాధ్యుల్లో కొందరికి 2018లో జైలు శిక్ష పడింది. కాగితం మీద ఎం6 అమ్ముడైపోయింది. నేల మీద మాత్రం గోదాముల్లో, గోదాముల మధ్య సందుల్లో, పాత భవనాల్లో, ఆరుబయట కూడా పోగుపడుతూ వచ్చింది.

అక్టోబరు పేలుడు మీద దర్యాప్తుకి వచ్చిన లూసియానా స్టేట్ పోలీసులకు నవంబరు చివర్లో అదంతా కనబడింది. అట్టపెట్టెలు, చినిగిన సంచులు, గుట్టలు. మొదట పది లక్షల పౌండ్లన్నారు. కొన్నాళ్లకు అరవై లక్షలన్నారు. చివరికి కోటీ యాభై లక్షలు దాటింది, అంటే దాదాపు 7,000 టన్నులు. పక్కనున్న డోయ్‌లిన్ అనే చిన్న ఊరి నుంచి 800 మంది దాకా ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది, బడి మూసేశారు. ఇదే కంపెనీ ఆవరణలో 2006లోనూ పేలుళ్లు జరిగి ఆ ఊరిని ఖాళీ చేయించారు. అయినా నాలుగేళ్లకు ఇంత పెద్ద కాంట్రాక్టు ఇదే కంపెనీకి దక్కింది.

ఈ అంకెల్లో నన్ను ఇబ్బంది పెట్టేది 7,000 టన్నులు కాదు. మొదటి అంచనాకీ చివరి లెక్కకీ మధ్య పదిహేను రెట్ల తేడా ఉంది, అదీ అసలు సమస్య. పోలీసులు తప్పు లెక్కపెట్టారని కాదు. ఆ ఆవరణలో ఎంత సరుకుందో చెప్పగలిగిన నిజమైన రిజిస్టరు ఒక్కటీ లేదని దానర్థం. ఎంత ఉందో తెలియకపోతే ఎంత దూరంలో ఇళ్లుండాలో చెప్పలేం. మా పనిలో దూరాలన్నీ బరువు మీద ఆధారపడతాయి. ఈ గోదాములో ఇన్ని కిలోలుంటే పక్క గోదాముకి ఇంత, రోడ్డుకి ఇంత, ఇళ్లకి ఇంత దూరం అని పట్టికలుంటాయి. కిలోలు అబద్ధమైతే పట్టిక మొత్తం అబద్ధం.

ఇప్పుడు మందు సంగతి. బయటివాళ్లకు ఇది తెలియదు, లోపలివాళ్లు తెలిసీ మర్చిపోతారు.

షెల్‌లో, అంటే ఫిరంగి గుండులో, ఉండే టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా పడి ఉంటుంది. నైట్రోసెల్యులోజ్ అలా కాదు. తయారైన రోజు నుంచే నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంటుంది. అప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, అవి మళ్లీ ఆ విచ్ఛిన్నాన్నే వేగం చేస్తాయి, వేడి పుడుతుంది. ఈ గొలుసును ఆపడానికే డైఫినైలమైన్ కలుపుతారు. అది ఆ ఆక్సైడ్లను పట్టేసుకుంటూ తను అరిగిపోతుంది. ఎం6లో మొదట ఒక శాతం దాకా ఉంటుంది. అమెరికా సైన్యం పద్ధతిలో అది 0.2 శాతం కంటే కిందికి దిగిందంటే ఆ లాటును ఇక నిల్వ ఉంచకూడదు. ఎండలో, తేమలో పడి ఉంటే ఇంకా త్వరగా అరుగుతుంది. పెద్ద గుట్టగా ఉంటే లోపలి వేడి బయటికి పోలేదు. అప్పుడు అగ్గిపుల్ల అవసరం లేదు, తనంతట తానే అంటుకుంటుంది.

ఛార్జీ డబ్బాలో ఉన్నంతకాలం ఈ మందుకి ఒక లాటు నంబరు, ఒక తేదీ, టెస్టుల చరిత్ర ఉంటాయి. గాలి చొరబడని డబ్బా ఉంటుంది. విప్పి అట్టపెట్టెలో పోశాక అవన్నీ పోతాయి. నాలుగు లాట్ల మందు ఒకే పెట్టెలో కలిసిందంటే ఇక ఏ టెస్టూ ఆ పెట్టె మొత్తానికి జవాబు చెప్పలేదు. విప్పితే ప్రమాదం తగ్గిందని అందరూ అనుకుంటారు. ఫిరంగిలో పెట్టి కాల్చలేం కాబట్టి ఆయుధంగా తగ్గింది, నిజమే. నిల్వ సరుకుగా మాత్రం పెరిగింది.

పాత మందు ఎలా ఉంటుందో చేత్తో పట్టుకుని చూసినవాళ్లకు ఈ విషయం చెప్పనక్కర్లేదు. మంచి స్థితిలో ఉన్న సింగిల్ బేస్ ప్రొపెల్లెంట్ (ఎం6 లాగా నైట్రోసెల్యులోజ్ ఆధారంగా చేసిన మందు) డ్రమ్ము మూత తీస్తే ఈథర్ వాసన తియ్యగా, చల్లగా ముక్కుకి తగులుతుంది, ఆపరేషన్ థియేటర్ పక్కన నిలబడ్డట్టు. గుళికలు నిగనిగలాడతాయి. చెడిపోతున్న డ్రమ్ము మూత తీస్తే ఆ తియ్యదనం ఉండదు. పుల్లగా, ఘాటుగా, కళ్లు మండేలా ఉంటుంది. లోపలి కాగితం పసుపుపచ్చగా మారి పట్టుకుంటే పొడిపొడి అవుతుంది. డబ్బా రేకు అంచులకు తుప్పు లోపలి నుంచి వస్తుంది. ఎర్రగా గోధుమరంగు పొగ కనబడిందంటే ఇక చూస్తూ నిలబడకూడదు, ఎవరినీ పిలవకుండా ముందు బయటికి నడవాలి. ల్యాబులో మిథైల్ వయొలెట్ పరీక్ష చేస్తారు, మందును 134.5 డిగ్రీల దగ్గర వేడి చేస్తే పైన పెట్టిన ఊదారంగు కాగితం ఎంతసేపటికి గులాబీ రంగుకి తిరుగుతుందో చూస్తారు. స్టెబిలైజర్ ఎంత మిగిలిందో ఇంకా కచ్చితంగా కొలిచే పద్ధతులూ ఉన్నాయి. ఏ పద్ధతైనా ఏ డ్రమ్ములోంచి శాంపిల్ తీశారో తెలిస్తేనే పనికొస్తుంది.

మిండెన్‌లో 7,000 టన్నుల కథ బయటపడ్డాక గడియారం తిరగడం మొదలైంది. కంపెనీ 2013 ఆగస్టులో దివాలా తీసింది. మందు అక్కడే ఉంది. ఈ సరుకు మాది కాదు, కంపెనీకి ఇచ్చేశాం అని ఆర్మీ వాదన. స్థలం రాష్ట్రానిది. పర్యావరణ సంస్థ ఈపీఏ మధ్యలోకి వచ్చింది. రోజులు గడిచేకొద్దీ తనంతట తాను అంటుకునే ప్రమాదం పెరుగుతుందని ఆర్మీ నిపుణులే హెచ్చరించారు. 2014లో అందరూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు: పెద్ద పళ్లేల్లో పోసి ఆరుబయట కాల్చేద్దాం అని.

ఊళ్లవాళ్లు ఒప్పుకోలేదు. ఎం6లో డైనైట్రోటోలిన్ ఉంది, అది విషం. 7,000 టన్నులు నెలల తరబడి కాలుస్తుంటే ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోవాలి అని అడిగారు. గట్టిగానే అడిగారు. ఈ దశ గురించి మా ఇంజినీర్లలో రెండు అభిప్రాయాలున్నాయి. జనం వల్ల ఆలస్యమైందనీ, ఆ ఆలస్యంలో గుట్ట పేలి ఉంటే ఎవరిది బాధ్యతనీ కొందరంటారు. ఆ మాటలో నిజముంది. అయినా నేను ఊళ్లవాళ్ల పక్షమే. ఏళ్ల తరబడి గుట్టను చూసీ చూడనట్టు వదిలేసినవాళ్లకు, చివర్లో వచ్చి టైము లేదు అనే హక్కు ఉండదు.

2015లో అధికారులు, స్థానికులు, నిపుణులు కలిసి కూర్చున్నారు. చివరికి మూసి ఉన్న చాంబర్‌లో కొద్దికొద్దిగా కాల్చి, పొగను ఫిల్టర్ల గుండా పంపే పద్ధతి ఖాయమైంది. 2016 ఏప్రిల్‌లో కాల్చడం మొదలై 2017 ఏప్రిల్‌కి ముగిసింది. ఇదంతా అయిన ఖర్చు ముందు కాంట్రాక్టు విలువ చాలా చిన్నది. మిగులుతుందనుకున్న డబ్బు ఎవరికీ మిగల్లేదు, అమెరికా పన్ను కట్టేవాళ్ల జేబులోంచి ఇంకా చాలా పోయింది.

మిండెన్ అదృష్టమల్లా అది విశాలమైన పాత సైనిక స్థలం కావడం, పేలింది రాత్రివేళ కావడం. ఈ రెండూ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే అల్బేనియా వెళ్లాలి.

2008 మార్చి 15 మధ్యాహ్నం, రాజధాని టిరానాకి 14 కిలోమీటర్ల దూరంలో గెర్దెత్స్ అనే పల్లె. నాటోలో చేరాలంటే కమ్యూనిస్టుల కాలం నాటి మందుగుండు గుట్టల్ని వదిలించుకోవాలి, అల్బేనియా తొందరలో ఉంది. ఆల్బ్ డెమిల్ అనే కంపెనీ అమెరికా కంపెనీ ఒకదానికి సబ్‌కాంట్రాక్టరుగా పాత సైనిక స్థలంలో తూటాలు, గుళ్లు విప్పుతోంది. కావలసింది ఇత్తడి. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు, కుర్రాళ్లు పనికి వచ్చేవారు, సరైన ట్రైనింగు లేదు. ఇత్తడికి మార్కెట్ ఉంది, లారీలెక్కి పోయింది. మందుకు మార్కెట్ లేదు, కంటెయినర్లలో నింపి అక్కడే పెట్టారు. 400 టన్నులకు పైగా ప్రొపెల్లెంట్ ఒక్కసారిగా పోయింది. 26 మంది చనిపోయారు, 300 మంది దాకా గాయపడ్డారు. 318 ఇళ్లు నేలమట్టమయ్యాయి, దెబ్బతిన్న భవనాలన్నీ కలిపితే రెండు వేలు దాటాయి. అప్పట్లో దేశంలోని ఏకైక అంతర్జాతీయ విమానాశ్రయంలో అద్దాలు పగిలి విమానాలు కాసేపు ఆగిపోయాయి. శబ్దం 170 కిలోమీటర్ల దూరాన స్కోప్యే దాకా వినిపించింది. రెండు రోజులకు రక్షణ మంత్రి రాజీనామా చేశాడు. మూడు వారాలు తిరక్కుండానే బుఖారెస్ట్ సమావేశంలో నాటో అల్బేనియాకి ఆహ్వానం పలికింది.

ఆ ఇత్తడి, ఆ మందు రెండూ ఒకే తూటాలోవి. ఒకటి వెళ్లిపోయింది, ఒకటి ఉండిపోయింది. మిండెన్‌లోనూ అంతే. గెర్దెత్స్ గురించి రాసినవాళ్లంతా ట్రైనింగు లేని కూలీల గురించి, రాజకీయ నాయకుల గురించి రాశారు. అవి నిజమే, కోర్టులో శిక్షలూ పడ్డాయి. అయితే ఆ కూలీలకు మంచి ట్రైనింగు ఉండి ఉంటే? ఇంకా వేగంగా విప్పేవాళ్లు. 400 టన్నులు ఇంకా ముందే పోగుపడేవి.

మన దగ్గర ఈ రకం పోగు ఎక్కడ కనబడుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2014 దీపావళికి ముందు అప్పటి తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో బాణసంచా షెడ్డు పేలినప్పుడు చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. పండగ దగ్గరపడేకొద్దీ షెడ్డులో మందు పెరుగుతుంది, చేతులు పెరుగుతాయి, లైసెన్సులో ఉన్న కిలోలు మాత్రం పెరగవు. అది విప్పే పని కాదు, తయారీ పని. అయినా సరుకు ఆగినచోటే మనుషులూ గుమిగూడితే ఏమవుతుందో రెండింట్లోనూ ఒకటే. ఇక పాత మందుగుండు ప్రయాణంలో చివరి మెట్టు కూడా క్షేమం కాదని పుల్‌గావ్ చెబుతుంది. 2018 నవంబరు 20న వార్ధా జిల్లా పుల్‌గావ్ డిపో దగ్గర, కాలం చెల్లిన మందుగుండును పేల్చివేసే మైదానంలో సరుకు దించుతుండగా పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు, అందులో ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలు. పెట్టె దించే మనిషి ఈ గొలుసులో అందరికంటే తక్కువ జీతగాడు, పెట్టెలో ఏముందో అందరికంటే తక్కువ తెలిసినవాడు.

మిండెన్ చదివాక నా ఆడిట్ పద్ధతి మారింది. అంతకుముందు అందరిలాగే ముందు గోదాముకి వెళ్లేవాణ్ని: తలుపులు, మెరుపు నుంచి రక్షణ, ఎర్తింగు, నిప్పు బకెట్లు. ఇప్పుడు మొదట గేటు దగ్గరికి వెళ్తాను. లారీ గేట్ పాసుల పుస్తకం అడుగుతాను. స్టోర్ రిజిస్టరు ఒకరు కూర్చుని రాయగలరు, గేట్ పాసు మీద డ్రైవరు సంతకం, వేబ్రిడ్జి చీటీ ఉంటాయి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఆ తేడా గోదాములో కనబడాలి. కనబడకపోతే మిగతా ఆడిట్ ఆపేస్తాను.

రెండో చూపు ఖాళీ డబ్బాల మీద. ప్రతి ఛార్జీకి ఒక రేకు డబ్బా ఉంటుంది, ప్రతి తూటాకి ఒక ఇత్తడి తొడుగు ఉంటుంది. డబ్బులొచ్చే సరుకు కాబట్టి స్క్రాప్ అమ్మిన రసీదుల్లో ఎవరూ లెక్క తప్పరు. ఆ రసీదుల నుంచి ఎన్ని ఛార్జీలు విప్పారో తెలుస్తుంది, ఎన్ని విప్పారో తెలిస్తే ఎంత మందు బయటికి వచ్చి ఉండాలో తెలుస్తుంది. అది మందు అమ్మిన రసీదులకు సరిపోవాలి, లేదా గోదాములో కళ్ల ముందు ఉండాలి. ఇలా చూస్తే ఎండ్ యూజ్ సర్టిఫికెట్ నిజమా అబద్ధమా అని తేల్చడానికి చేతిరాత నిపుణుడు అక్కర్లేదు.

ఒక చోట స్టోర్ ఇన్‌ఛార్జి నాతో, "సార్, బయ్యర్ రెడీగా ఉన్నాడు, లెటర్ కూడా వచ్చేసింది, ఇంక లారీ రావడమే ఆలస్యం," అన్నాడు. లెటర్ తేదీ చూశాను. ఎనిమిది నెలల పాతది. "లారీ ఎప్పుడొస్తుందమ్మా?" అన్నాను. "సీజన్ అయ్యాక సార్," అన్నాడు. ఏ సీజనో అతనికీ తెలియదు. మంచి కుర్రాడే, అబద్ధం చెప్పడం లేదు. బయ్యరు ఉన్నాడని పైవాళ్లు అతనితో అన్నారు, అతను నాతో అన్నాడు. లోపల షెడ్డులో తెరిచిన మందు పెట్టెలు అనుమతించిన ఎత్తు దాటి పేర్చి ఉన్నాయి. విప్పే లైను ఆ రోజు సాయంత్రమే ఆపించాను. మేనేజరుకి టెన్షన్, నాకు కాదు.

ఇదంతా చదివి, పాత మందును తిరిగి వాడటమే తప్పు అనుకోనక్కర్లేదు. నాకు నచ్చిన ఉదాహరణ కంబోడియా. అక్కడ భూమిలో ఇంకా మందుపాతరలు, పేలని బాంబులు ఉన్నాయి. దొరికినదాన్ని దొరికినచోటే పేల్చేయడానికి మందుపాతరలు తీసేవాళ్లకు చిన్న చిన్న పేలుడు ఛార్జీలు కావాలి. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే ఖర్చు, పైగా పేలుడు పదార్థాల రవాణాకి సవాలక్ష అనుమతులు. గోల్డెన్ వెస్ట్ హ్యుమానిటేరియన్ ఫౌండేషన్ అనే అమెరికా సంస్థ అక్కడి మైన్ యాక్షన్ సెంటర్ సీమాక్‌తో కలిసి కాంపాంగ్ చ్నాంగ్‌లో ఒక యూనిట్ పెట్టింది. అమెరికా విదేశాంగ శాఖ డబ్బు ఇచ్చింది. పాత షెల్స్‌ను మనుషులు దూరంగా ఉండి రిమోట్‌తో నడిపే రంపంతో కోస్తారు, లోపలి పేలుడు పదార్థాన్ని తీసి చిన్న ఛార్జీలుగా పోతపోస్తారు. ఆ ఛార్జీలు నేరుగా పొలాల్లో మందుపాతరలు తీసే బృందాలకు వెళ్తాయి.

మీడియాకి ఆ రంపం నచ్చుతుంది, ఫొటోలు బాగుంటాయి. నాకు నచ్చింది వేరే. అక్కడ కొనేవాడు ముందే ఉన్నాడు. మందుపాతరలు తీసే బృందాలకు ఛార్జీలు కావాలి, ఆ అవసరాన్ని బట్టి పోతపోస్తారు, దాన్ని బట్టి షెల్స్ కోస్తారు. షెల్ కోసేదాకా మందు షెల్‌లోనే ఉంటుంది, లాటు నంబరుతో సహా. లైను వెనక నుంచి ముందుకు నడుస్తుంది. మిండెన్‌లో, గెర్దెత్స్‌లో ముందు నుంచి వెనక్కి నడిచింది: ముందు విప్పేద్దాం, మందు సంగతి తర్వాత చూద్దాం.

ఇలాంటి కాంట్రాక్టు రాసేవాళ్లు నన్ను అడిగితే మూడు షరతులు పెట్టమంటాను. ఒకటి, విప్పినందుకు డబ్బు ఇవ్వొద్దు, విప్పిన మందు ఆవరణ దాటి చివరి చోటికి చేరినందుకు ఇవ్వండి, అక్కడి వేబ్రిడ్జి చీటీ చూసి. రెండు, ఆవరణలో తెరిచిన మందు ఇన్ని కిలోలు దాటితే విప్పే లైను దానంతటదే ఆగాలి, ఆపినందుకు కాంట్రాక్టరుకి జరిమానా ఉండకూడదు. మూడు, కొనేవాడు రాకపోతే ఆ సరుకును కాల్చేసే ఖర్చు మొదటి రోజే బ్యాంకులో డిపాజిట్‌గా ఉండాలి. కంపెనీ దివాలా తీస్తే ఆ డబ్బు మిగలాలి, మందు కాదు.

కాంట్రాక్టర్లు మొదటి రెండింటికీ ఎలాగోలా ఒప్పుకుంటారు. మూడో షరతు దగ్గర టెండరు ధర రెండింతలు, మూడింతలు అవుతుంది. ఫైలు పైకి వెళ్తే అక్కడివాళ్లు, ఇంత ఖరీదా, ఇందులో రికవరీ ఏముంది అని వెనక్కి పంపుతారు. అప్పుడు నేను వాళ్లకు మిండెన్ లెక్క చూపిస్తాను: కోటీ యాభై లక్షల పౌండ్లకు పైగా ఎం6ను గనులకు అమ్మి సొమ్ము చేసుకుందామనుకున్నారు, చివరికి దాన్నంతటినీ ఏడాది పాటు ప్రభుత్వ ఖర్చుతో కాల్చి బూడిద చేయాల్సి వచ్చింది.